పని ముందు, పెట్టె తర్వాత

నెల్లూరు నుంచో, ఒంగోలు నుంచో, తిరుపతి నుంచో డిగ్రీ పట్టా సంచిలో వేసుకుని వచ్చి టి. నగర్‌లో గది తీసుకున్న పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. “లైనక్స్ నేర్చుకోవాలంటే ఏది వేసుకోవాలండీ? ఉబుంటునా, ఫెడోరానా, ఆర్చా?” అడిగినవాళ్ళలో చాలామంది ఆరు నెలలు గడిచాక కూడా అదే ప్రశ్న దగ్గర నిలబడి ఉంటారు. ఉబుంటు తీసి మింట్ వేస్తారు, మింట్ తీసి ఫెడోరా వేస్తారు. వాల్‌పేపర్ మారుతుంది, ఐకాన్లు మారతాయి. నల్లటి తెర మీద అక్షరాలతో గీసిన లోగో ఒకటి పడుతుంది, దాన్ని ఫొటో తీసి స్నేహితులకు పంపుతారు. ఇంతా చేసి నేర్చుకున్నది ఇన్‌స్టాల్ చెయ్యడం. ఇన్‌స్టాలర్ తెలివైనది కాబట్టి అది కూడా మనం నేర్చుకున్నట్టు లెక్క కాదు.

ఉస్మాన్ రోడ్డు చుట్టుపక్కల కోర్సు బోర్డులకు కొదవ లేదు. వాటిని తప్పుపట్టను. పరీక్ష రాయాలనుకునేవాళ్ళకు, ఒకరు వెనక ఉండి తోస్తేగానీ కదలనివాళ్ళకు కోర్సు పనికొస్తుంది. కానీ కోర్సులో అందరికీ ఒకే ప్రశ్న ఇస్తారు, దానికి జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. లైనక్స్ అలా ఒంటబట్టదు. జవాబు ఎవరూ సిద్ధం చేసి పెట్టని పని ఒకటి మీ చేతిలో ఉండాలి.

అందుకే ఈ అధ్యాయంలో వరస తిరగేస్తున్నాను. ముందు ఒక పని పట్టుకోండి. ఒక్క కంప్యూటర్ మీద చేస్తే విసుగొచ్చేంత పెద్దది, నాలుగు కంప్యూటర్లకు పంచగలిగినది. ఆ పని చెయ్యడానికి మాత్రమే ఒక లైనక్స్ పంపిణీ, అంటే మీ సొంత డిస్ట్రో, కట్టండి. లోకానికి ఇంకో డిస్ట్రో అవసరం ఉందా అంటే లేదు. దాన్ని కట్టాల్సిన అవసరం మీకుంది.

తరమణిలో జరిగింది

పానగల్ పార్కు దగ్గర నిలబడితే ఇది బట్టల ఊరు, బంగారం ఊరు. కానీ ట్రాఫిక్ కరుణిస్తే గంటలోపు వెళ్ళగలిగినంత దూరంలో, తరమణి, గిండీ వైపున, మనకు కావలసిన ఉదాహరణలు మూడూ ఉన్నాయి. టి. నగర్‌లో ఉండి ఈ సంగతి తెలియకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

మొదటిది తరమణిలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్. అక్కడి భౌతికశాస్త్రవేత్తలకు ల్యాటిస్ గేజ్ సిద్ధాంతపు లెక్కలు చెయ్యాల్సి వచ్చింది. క్వార్కులు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉంటాయో తేల్చే లెక్కలవి. స్థలాన్నీ కాలాన్నీ గళ్ళుగళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో విలువ కట్టి, పక్క గడితో సరిచూసుకుంటూ పోవాలి. దానికోసం రెడీమేడ్ సూపర్ కంప్యూటర్ కొనలేదు. రెండేసి జియాన్ ప్రాసెసర్లున్న మామూలు సర్వర్లు 144 తెచ్చి, లైనక్స్ ఎక్కించి, ఒక్కటిగా కలిపారు. హిమాలయాల్లోని ఒక శిఖరం పేరు తీసుకుని దానికి కబ్రు అని పేరు పెట్టారు. 2004లో అది ప్రపంచంలోని 500 అతివేగ కంప్యూటర్ల జాబితాకెక్కింది.

జాబితా సంగతి అటుంచండి, మనం చూడాల్సింది దాని వైరింగ్. ప్రతి సర్వరునూ మూడు దిశల్లో దాని పక్కవాటితో నేరుగా కలిపారు, ప్రతి వరస చివరనూ మళ్ళీ మొదటికి తెచ్చి ముడివేశారు. ఎందుకలా? లెక్కలో గడి ఎప్పుడూ పక్క గడితోనే మాట్లాడుతుంది కాబట్టి. అంటే లెక్కకు ఏ ఆకారం ఉందో యంత్రానికీ దానికి దగ్గరి ఆకారమే ఇచ్చారు. ముందు యంత్రం కొని, తర్వాత దాంతో ఏం చేద్దామా అని వెతుక్కుని ఉంటే ఆ వైరింగ్ ఎవరికీ తట్టేది కాదు.

ఈ దారికి మూలం అమెరికాలో ఉంది. 1994లో నాసావారి గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 486 రకం ప్రాసెసర్లు 16 తీసుకుని, మామూలు ఈథర్‌నెట్ తీగలతో కలిపి, లైనక్స్ వేసి బేవుల్ఫ్ అనే క్లస్టర్ కట్టారు. లైనక్స్‌కు అప్పటికి మూడేళ్ళే. 2017 నవంబరుకల్లా ఆ 500 జాబితాలో ప్రతి ఒక్క యంత్రమూ లైనక్స్ మీదే నడుస్తోంది.

రెండో ఉదాహరణ డిస్ట్రోకు సంబంధించినది. తరమణి టైడెల్ పార్కులో ఉన్న, ప్రభుత్వ కంప్యూటింగ్ సంస్థ సీ-డాక్ చెన్నై కేంద్రం 2007 జనవరిలో బాస్ లైనక్స్‌ను విడుదల చేసింది. భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్ అని పూర్తి పేరు. దీని గురించి మాట్లాడేవాళ్ళు రెండు రకాలు. మన దేశమే సొంతంగా ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసిందని ఛాతీ విరిచేవాళ్ళు ఒకరు, డెబియన్‌కు రంగేసి పేరు మార్చారని పెదవి విరిచేవాళ్ళు ఇంకొకరు. ఇద్దరికీ డిస్ట్రో అంటే ఏమిటో తెలియదని నా అభిప్రాయం. డెబియన్‌ను పునాదిగా తీసుకోవడం నామోషీ కాదు, అదే తెలివైన పని. ఉబుంటు చేసిందీ అదే. వేల ప్యాకేజీల భద్రతా లోపాలను ఏళ్ళ తరబడి సవరిస్తూ ఉండే జనం డెబియన్‌కు ఉన్నారు, మనకు లేరు. పునాది వాళ్ళది తీసుకుని, తెలుగుతో సహా మన భాషల్లో రాయడం, చదవడం సాఫీగా సాగేలా చెయ్యడం, బడులకు ఒకటి, సర్వర్లకు ఒకటి అని విడివిడి రూపాలు కట్టడం బాస్ చేసిన పని. ఏది తీసుకోవాలి, ఏది వదలాలి, ఏది మొదటి నుంచే సిద్ధంగా ఉండాలి అన్న నిర్ణయాల మూటే డిస్ట్రో.

మూడోది ఐఐటీ మద్రాసులోది. ప్రొఫెసర్ డి. జానకిరామ్ నడిపిన డిస్ట్రిబ్యూటెడ్ అండ్ ఆబ్జెక్ట్ సిస్టమ్స్ ల్యాబ్, సీ-డాక్‌తో కలిసి బాస్-మూల్ అనే ప్రయత్నం చేసింది. లైనక్స్ కెర్నల్‌లో ఒకదానికొకటి చిక్కుపడి ఉన్న భాగాలను విడదీసి, ఆబ్జెక్ట్ పద్ధతిలో తిరగరాసి, మార్పులు చేర్పులు తేలిక చెయ్యడం దాని ఉద్దేశం. కెర్నల్ లోపలికి దిగే ఆ పని మనకు ఇప్పుడే కాదు. అలాంటి దారి ఒకటుందని, ఇక్కడి వాళ్ళు అందులో నడిచారని మాత్రం గుర్తుంచుకోండి.

ఒక పని చెబుతాను

సొంత పని ఉంటే అదే పెట్టుకోండి. లేనివాళ్ళకు నేనొకటి ఇస్తాను: పాత తెలుగు పుస్తకాల స్కాన్లను అక్షరాలుగా మార్చడం.

కందుకూరి వీరేశలింగం 1919లో ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్ళకు ఆయన రచనల మీద హక్కులు తీరిపోతాయి. ఆ తరం వాళ్ళ పుస్తకాలు ఎన్నో స్కాన్ చేసిన బొమ్మలుగా ఇంటర్నెట్‌లో ఉన్నాయి. బొమ్మలో మాట వెతకలేం. టెసరాక్ట్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బొమ్మలోని తెలుగును చదివి యూనికోడ్ అక్షరాలుగా ఇస్తుంది, డెబియన్‌లో దాని తెలుగు ప్యాకేజీ విడిగా దొరుకుతుంది. వచ్చిన పాఠంలో తప్పులుంటాయి, అరసున్నలు, బండి ఱలు ఉన్న పాత అచ్చు అయితే మరీనూ. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛందంగా పేజీ పేజీ సరిదిద్దేవాళ్ళు ఉన్నారు. అంటే మీ పని ఫలితం వెళ్ళి చేరడానికి ఒక చోటు కూడా ఉంది.

పంచడానికి ఇంత అనువైన పని మరొకటి దొరకదు. 12వ పేజీ చదవడానికి 11వ పేజీతో పని లేదు. కబ్రు గళ్ళలాగా పక్కవాళ్ళను అడగక్కర్లేదు. అందుకని ఖరీదైన నెట్‌వర్క్ అవసరం రాదు, కంప్యూటర్ల మధ్య సందేశాలు నడిపే ఎంపీఐ లాంటి బరువైన సరంజామా కూడా అక్కర్లేదు. హడూప్, కుబర్నెటీస్ అనే పేర్లు మీ రెజ్యూమెలో కనబడాలని ఎవరో చెప్పి ఉంటారు. ఇప్పుడే వాటి జోలికి పోకండి. కింద ఏం జరుగుతోందో తెలియకుండా వాటిని నడిపితే, ఆగిపోయినప్పుడు ఎర్ర అక్షరాలకేసి చూస్తూ కూర్చోవడం తప్ప చేసేదేమీ ఉండదు.

ముందు ఒక్క కంప్యూటర్

ఉన్న ల్యాప్‌టాప్‌లో డెబియన్ స్టేబుల్ వెయ్యండి. ఎందుకదే అంటే, మీరు కట్టబోయేదానికి పునాది అదే కనుక. ఒక పుస్తకం పీడీఎఫ్ తీసుకోండి. దాన్ని పేజీలుగా విడగొట్టే ఆదేశం, ఒక పేజీని టెసరాక్ట్‌కు ఇచ్చే ఆదేశం, వచ్చిన ముక్కలను వరసగా కలిపే ఆదేశం. ఈ మూడూ టెర్మినల్లో చేత్తో కొట్టి నడిపించండి. తర్వాత మూడింటినీ ఒక షెల్ స్క్రిప్టులో పెట్టండి.

ఈ చిన్న పనిలోనే ఎన్ని వచ్చి పడతాయో చూడండి. ఫైలు పేర్లలో ఖాళీ ఉంటే స్క్రిప్టు తడబడుతుంది, కోట్స్ ఎందుకు పెట్టాలో తెలుస్తుంది. 10వ పేజీ 2వ పేజీ కంటే ముందొచ్చి కూర్చుంటుంది, అంకెల ముందు సున్నాలు ఎందుకు చేర్చాలో తెలుస్తుంది. టెర్మినల్లో తెలుగు గళ్ళుగా కనబడుతుంది, లోకేల్ అన్నా ఫాంటు అన్నా ఏమిటో తెలుస్తుంది. ఆదేశాల పట్టికను బట్టీపట్టినవాళ్ళకు ఇవేవీ ఎదురుపడవు. ఏ ఆదేశం గురించి సందేహం వచ్చినా ముందు దాని మ్యాన్ పేజీ తెరవండి. మొదట్లో రాయిలా ఉంటుంది, నమలగా నమలగా రుచి తెలుస్తుంది. ఏఐని అడగొద్దని నేను అనను. అది ఇచ్చిన ఆదేశంలో ప్రతి మీటనూ, అంటే ఆప్షన్‌నూ, మ్యాన్ పేజీలో సరిచూసుకున్నాకే ఎంటర్ కొట్టండి, ముఖ్యంగా సుడోతో మొదలయ్యేవాటిని.

ఎంత సేపు పట్టిందో టైమ్ ఆదేశంతో కొలిచి ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ కొలత లేకుండా నాలుగు కంప్యూటర్లు తెచ్చినా లాభం కలిగిందో లేదో మీకు తెలియదు.

నాలుగు పెట్టెలు ఎక్కణ్ణుంచి

కొత్తవి కొనొద్దు. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో ఆఫీసుల నుంచి తీసేసిన డెస్క్‌టాప్‌లు దొరుకుతాయి. 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ మెమరీ, వైరు పెట్టుకునే నెట్‌వర్క్ పోర్టు, పెన్‌డ్రైవ్ నుంచి లేచే వీలు ఉంటే చాలు. ఒకదానిలో తప్ప హార్డ్ డిస్క్ చెడిపోయినా పరవాలేదు, ఎందుకో ముందు ముందు చెబుతాను. బేరం ఆడటం రంగనాథన్ స్ట్రీట్‌లో నేర్చుకున్నవాళ్ళకు నేను చెప్పేదేముంటుంది. కొనే ముందు అక్కడే ఆన్ చేయించి, మెమరీ ఎంత చూపిస్తోందో చూసుకోండి. స్నేహితుల ఇళ్ళలో అటక మీద పడున్న ల్యాప్‌టాప్‌లు కూడా పనికొస్తాయి. తమిళనాడు ప్రభుత్వం 2011లో మొదలుపెట్టిన ఉచిత ల్యాప్‌టాప్ పథకంలో ఇచ్చిన యంత్రాల్లో విండోస్ పక్కన బాస్ లైనక్స్ కూడా వేసి ఇచ్చారు. బాస్ వైపు ఒక్కసారైనా తెరిచి చూడనివాళ్ళే ఎక్కువ. అలాంటిది దొరికితే ముందు ఆ బాస్ వైపు వెళ్ళి ఒక గంట తిరిగి రండి, ఇక్కడి వాళ్ళు ఏం తీసుకున్నారో ఏం వదిలేశారో మీ కళ్ళతో చూసినట్టవుతుంది.

ఒక గిగాబిట్ స్విచ్, నాలుగు కేబుళ్ళు. కేబుల్ దగ్గర చాలామంది మోసపోతారు. పాత కేబుల్‌లో ఎనిమిది తీగల్లో నాలుగే పనిచేస్తుంటే కనెక్షన్ నిక్షేపంలా కలుస్తుంది, వేగం మాత్రం 100 మెగాబిట్లకు పడిపోతుంది. అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు. గిగాబిట్ అయితే 125. పేజీకి 4 మెగాబైట్ల చొప్పున 300 పేజీలు అటూ ఇటూ కదలాలంటే మొదటి దానిమీద ఒకటిన్నర నిమిషం, రెండో దానిమీద పది సెకన్లు. ఈథ్‌టూల్ అనే ఆదేశం అసలు వేగం చెబుతుంది. కలిసింది కదా అని ఊరుకోకండి.

నాలుగు పాత డెస్క్‌టాప్‌లు తలా 80 వాట్లు తీసుకున్నా మూడు గంటలకు దాదాపు ఒక యూనిట్. అద్దెలోనే కరెంటు కలిసి ఉన్న గదైతే ఓనరుకు ముందే చెప్పండి. మే నెలలో కిటికీ లేని గదిలో నాలుగూ కలిపి నడపకండి, మీరైనా ఆగిపోతారు, అవైనా ఆగిపోతాయి.

ఇంకో జాగ్రత్త. మీ స్విచ్‌ను హాస్టల్ నెట్‌వర్క్‌కు తగిలించకండి. మీ ప్రధాన కంప్యూటర్ మిగతావాటికి చిరునామాలు పంచుతూ ఉంటుంది. అది హాస్టల్లో వాళ్ళకూ పంచడం మొదలుపెడితే మేడ మొత్తానికి ఇంటర్నెట్ ఆగి, అందరూ మీ తలుపు దగ్గరికే వస్తారు.

ఐఎస్ఓ కాదు, ఫోల్డరు

ఇక డిస్ట్రో. డెబియన్‌లో లైవ్-బిల్డ్ అనే పనిముట్టు ఉంది. ఖాళీ ఫోల్డరులో ‘ఎల్‌బీ కాన్ఫిగ్’ అని కొడితే కాన్ఫిగ్ పేరుతో ఒక ఫోల్డరు చెట్టు మొలుస్తుంది. ‘ఎల్‌బీ బిల్డ్’ అని కొడితే ఆ చెట్టును చదివి, ప్యాకేజీలు దించుకుని, పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించగల ఐఎస్ఓ ఫైలు ఒకటి తయారు చేస్తుంది. మీ డిస్ట్రో అంటే ఆ ఐఎస్ఓ అనుకుంటారు. కాదు. ఐఎస్ఓను ఎప్పుడైనా చెరిపెయ్యొచ్చు. ఆ కాన్ఫిగ్ ఫోల్డరే మీ డిస్ట్రో. దాన్ని మొదటి రోజు నుంచే గిట్‌లో పెట్టండి.

అందులో మూడు చోట్ల మీకు పని ఉంటుంది. ప్యాకేజీల జాబితా ఒకటి: టెసరాక్ట్, దాని తెలుగు డేటా, గ్నూ ప్యారలల్, ఎస్ఎస్‌హెచ్ సర్వర్, ఎన్ఎఫ్ఎస్ క్లయింట్. డెస్క్‌టాప్ వద్దు, బ్రౌజర్ వద్దు, తెర కూడా లేని పనివాళ్ళకు వాల్‌పేపర్ ఎందుకు? ఒక్కో పేరు రాసే ముందు ఇది లేకపోతే ఏ పని ఆగుతుందని అడగండి. జవాబు రాకపోతే కొట్టెయ్యండి. రెండోది ఇన్‌క్లూడ్స్ అనే ఫోల్డరు: అందులో మీరు పెట్టిన ఫైళ్ళు అదే దారిలో కొత్త సిస్టమ్‌లోకి వెళ్ళి కూర్చుంటాయి. మూడోది హుక్స్: కట్టే సమయంలో నడిచే చిన్న స్క్రిప్టులు.

నాలుగు పెట్టెల్లో ఒకటి మాత్రం ప్రధానం. దానిలో డెబియన్‌ను డిస్కు మీదే వేసి, చిరునామాలు పంచే డీఎన్ఎస్‌మాస్క్, ఫోల్డరును అందరికీ పంచే ఎన్ఎఫ్ఎస్ సర్వర్ పెట్టండి. మిగతా మూడూ మీ పెన్‌డ్రైవ్ నుంచి లేస్తాయి. లైవ్ సిస్టమ్ కాబట్టి రాసినదంతా మెమరీలోనే, ఆపితే అంతా మాయం. హార్డ్ డిస్క్ చెడినా పరవాలేదన్నది అందుకే. మొదట్లో ఇది చికాకనిపిస్తుంది. ఒక కంప్యూటర్లో ఏదో సరిచేసి, పనైపోయిందని సంబరపడి ఆపేస్తే పొద్దున్నకు ఆ సవరణ ఉండదు. మళ్ళీ చెయ్యాలి, కానీ ఈసారి కాన్ఫిగ్ ఫోల్డరులో చెయ్యాలి. ఈ చికాకే అసలు గురువు. సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగాల్లో ఏళ్ళు గడిపినవాళ్ళు కూడా అర్ధరాత్రి సర్వర్లో చేత్తో ఏదో మార్చి, ఏం మార్చారో మరిచిపోయి, ఆర్నెల్ల తర్వాత తల పట్టుకుంటారు. మీకు ఆ అలవాటే పుట్టదు.

కొన్ని గుంతలు ముందే చూపిస్తాను, పడితే పడ్డారు గానీ గంటల తరబడి అందులోనే ఉండొద్దు.

ఎన్ఎఫ్ఎస్ మామూలుగా మనిషిని పేరుతో గుర్తుపట్టదు, నంబరుతో గుర్తుపడుతుంది. ప్రధాన కంప్యూటర్లో మీ పేరు ఏదైనా, ఇన్‌స్టాల్ చేసిన మొదటి వ్యక్తి నంబరు 1000. లైవ్ సిస్టమ్‌లో పుట్టే యూజర్ నంబరూ 1000. కాబట్టి అదృష్టవశాత్తూ రెండూ ఒకటే అవుతాయి. ఏదో కారణానికి మీరు రెండో యూజరుగా పనిచేస్తుంటే నంబరు 1001 అవుతుంది, ఫైళ్ళు కనబడతాయి కానీ రాయనివ్వవు.

ఆ లైవ్ యూజరుకు పాస్‌వర్డ్ ‘లైవ్’ అనే ఉంటుంది. ఇది లోకమంతటికీ తెలుసు. ఎస్ఎస్‌హెచ్ తెరిచిపెట్టిన పెట్టెకు అదే తాళం ఉంచితే తలుపు లేనట్టే. పాస్‌వర్డ్‌తో లోపలికి రావడాన్ని పూర్తిగా ఆపి, ప్రధాన కంప్యూటర్ పబ్లిక్ కీని ఇన్‌క్లూడ్స్ ఫోల్డరు ద్వారా స్కెల్ డైరెక్టరీలో పెట్టండి. ఫోల్డరుకు 700, ఫైలుకు 600 అనుమతులు ఉండాలి. ఇతరులు రాయగలిగేంత వదులుగా ఉంటే ఎస్ఎస్‌హెచ్ ఆ కీని పట్టించుకోదు, ఎందుకు పట్టించుకోలేదో మీ తెర మీద చెప్పదు కూడా. అవతలి కంప్యూటర్ లాగ్‌లో చెబుతుంది.

డెబియన్ ఇన్‌స్టాలర్ ప్రధాన కంప్యూటర్లోని హోస్ట్స్ ఫైలులో దాని పేరు ఎదురుగా 127.0.1.1 అని రాసి పెడుతుంది. ఒంటరి కంప్యూటర్‌కు అది మేలే. క్లస్టర్‌లో మాత్రం ఆ యంత్రం తన పేరు తానే అడిగితే “నేను ఇక్కడే, నాలోనే ఉన్నాను” అనుకుంటుంది, ఆ చిరునామాను అవతలివాళ్ళకు ఇస్తే వాళ్ళు తమలో తామే వెతుక్కుంటారు. ఎంపీఐ దాకా వెళ్ళినప్పుడు ఇది గుర్తుకు తెచ్చుకోండి. ఆ వరస తీసి అసలు చిరునామా రాయండి.

పెన్‌డ్రైవ్ పద్ధతి వదిలి ఒక డిస్కును మూడు డిస్కులకు క్లోన్ చేద్దామనిపిస్తే, ఆగండి. ప్రతి సిస్టమ్‌కూ మెషిన్-ఐడీ అనే గుర్తు ఒకటుంటుంది, ఎస్ఎస్‌హెచ్‌కు సొంత హోస్ట్ కీలుంటాయి. క్లోన్ చేస్తే అందరికీ ఒకే గుర్తు. కొన్ని అమరికల్లో అందరికీ ఒకే నెట్‌వర్క్ చిరునామా పడి, కనెక్షన్ వస్తూ పోతూ ఉంటుంది, కారణం ఓ పట్టాన దొరకదు. లైవ్-బిల్డ్ ఈ రెండింటినీ కట్టే సమయంలోనే తీసేస్తుంది. దానితో వచ్చే హుక్స్ తెరిచి చదవండి, ఇలాంటివి ఎన్నో అనుభవంతో రాసి పెట్టారు. నన్నడిగితే డెబియన్ నేర్చుకోవడానికి వాటిని మించిన పాఠ్యపుస్తకం లేదు. కీలను ఇలా తీసెయ్యడానికో మూల్యం ఉంది: లేచిన ప్రతిసారీ కొత్త హోస్ట్ కీ పుట్టి, “ఈ యంత్రం మారిపోయింది, జాగ్రత్త” అని ఎస్ఎస్‌హెచ్ అరుస్తుంది. బయటి దారి లేని మీ స్విచ్ మీద మాత్రమే ఆ హెచ్చరిక ఆపెయ్యండి. ఇదే అలవాటు ఉద్యోగంలోకి తీసుకెళ్ళకండి.

పంచితే ఎంత తగ్గుతుంది

గ్నూ ప్యారలల్‌కు నాలుగు కంప్యూటర్ల పేర్లు, పేజీల జాబితా ఇస్తే పని తానే పంచుతుంది. కోర్ ఒక్కింటికి ఒక పేజీ చొప్పున అందిస్తూ, ఖాళీ అయినవాళ్ళకు తర్వాతి పేజీ ఇస్తుంది. నెమ్మది కంప్యూటర్ తక్కువ పేజీలు చేస్తుంది, వేగం గలది ఎక్కువ చేస్తుంది. సమానంగా పంచాలన్న తపన మీకు అక్కర్లేదు.

మొదటిసారి నడిపినప్పుడు వేగం పెరగకపోగా తగ్గొచ్చు. టెసరాక్ట్ ఒక్క పేజీకే నాలుగు థ్రెడ్లు వాడాలని చూస్తుంది. నాలుగు కోర్ల మీద నాలుగు పేజీలు పెడితే పదహారు థ్రెడ్లు నాలుగు కుర్చీల కోసం తోసుకుంటాయి. ఓఎంపీ థ్రెడ్ లిమిట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1 చెయ్యండి. నోటుపుస్తకంలో కొలతలు రాసుకోమన్నది ఇలాంటి చోట పట్టుబడటానికే.

ఆ తర్వాత కూడా నాలుగు పెట్టెలకు నాలుగు రెట్లు రాదు. పెళ్ళివంటలో కూరలు తరగడానికి ఎంతమందిని పెట్టినా సాంబారు మరిగే సమయం తగ్గదు కదా. జీన్ ఆమ్డాల్ 1967లో దీన్ని లెక్కలో పెట్టాడు. పీడీఎఫ్‌ను పేజీలుగా విడగొట్టడానికి, చివర కలపడానికి 5 నిమిషాలు, చదవడానికి 45 నిమిషాలు పడుతుందనుకుందాం. మొత్తం 50. చదివే పనిని ప్రధానంతో కలిపి నాలుగింటికి పంచితే 45 కాస్తా 11 నిమిషాల పైచిలుకు అవుతుంది, మొదటి 5 అలాగే ఉంటాయి. మొత్తం 16 నిమిషాల చిల్లర, అంటే మూడు రెట్లే. ఎనిమిది పెట్టెలైతే పదిన్నర నిమిషాలు, అయిదు రెట్లు కూడా రాలేదు. వంద పెట్టెలు తెచ్చినా ఆ 5 నిమిషాల కిందికి దిగదు.

ఇక్కడ ఆగి చూడండి. ఇంకో పెట్టె కొనాలా, ఆ 5 నిమిషాల మీద పడాలా? పీడీఎఫ్‌ను విడగొట్టే పనిముట్టుకు ఎన్నో పేజీ నుంచి ఎన్నో పేజీ దాకా అని చెప్పే వీలుంది. అంటే విడగొట్టే పనిని కూడా పంచొచ్చు. పైసా ఖర్చు లేకుండా, స్క్రిప్టులో రెండు వరసల మార్పు. పెట్టె ముందు కొన్నవాళ్ళకు ఈ ఆలోచన రాదు, వాళ్ళకు ఎప్పుడూ ఇంకో పెట్టె కావాలనిపిస్తుంది.

వైరు పీకండి

నాలుగూ చక్కగా నడుస్తున్నాయి, పేజీలు వరసగా వచ్చి పడుతున్నాయి. ఇప్పుడు లేచి వెళ్ళి ఒకదాని కరెంటు వైరు పీకండి. నిజంగానే చెబుతున్నాను.

చాలా కంప్యూటర్ల మీద ఒక పని నడపడమంటే ఎప్పుడూ ఏదో ఒకటి చచ్చి ఉంటుందని ఒప్పుకుని నడపడమే. వైరు పీకిన పెట్టె చేతిలో ఉన్న పేజీలు ఏమయ్యాయి? సగం రాసిన ఫైలు ఒకటి మిగిలిపోయి, పూర్తయిన దానిలా కనబడుతోందా? అయితే మీ స్క్రిప్టు ముందు తాత్కాలిక పేరుతో రాసి, అంతా అయ్యాకే అసలు పేరు పెట్టాలి. గ్నూ ప్యారలల్‌కు రిట్రైస్ అనే మీట ఇస్తే ఒకచోట విఫలమైన పేజీని వేరే యంత్రానికి పంపుతుంది. జాబ్‌లాగ్ ఇస్తే ఏ పేజీ ఎక్కడ, ఎంతసేపు నడిచిందో రాసి పెడుతుంది. ప్రధాన కంప్యూటరే ఆగిపోతే ఆ లాగ్ చూసి రెజ్యూమ్ మీటతో మిగిలిన పేజీలనుంచి అందుకుంటుంది. తర్వాత నెట్‌వర్క్ కేబుల్ పీకి చూడండి. ఇది వేరే రకం చావు: పెట్టె బతికే ఉంటుంది, పని చేస్తూనే ఉంటుంది, మనకు మాత్రం వినబడదు. రెండింటికీ మీ స్క్రిప్టు ఒకేలా స్పందిస్తోందా? ఈ ప్రశ్నకు మీ సొంత మాటల్లో జవాబు చెప్పగలిగితే ఇంటర్వ్యూలో చాలామంది కంటే ముందుంటారు.

ఒక్కరే కూర్చుని ఇదంతా చెయ్యొచ్చు గానీ, మనుషులు తోడుంటే మేలు. చెన్నైలో లైనక్స్ యూజర్స్ గ్రూపుకు పాతికేళ్ళ పైబడిన చరిత్ర ఉంది, ఐఐటీ మద్రాసులో నెలకో సమావేశం పెట్టుకునేవాళ్ళు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ చుట్టూ విద్యార్థులు చేరి, మెనూలతో సహా తెలుగులో ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ కట్టారు. ఇక్కడి వాళ్ళను కలవాలంటే, మాంబళంలో రైలెక్కితే రెండో స్టేషన్ గిండీ, అడుగు బయటపెట్టడమే కష్టం. తెలుగులో మాట్లాడేవాళ్ళు దొరుకుతారా అని సంకోచించకండి. పిట్టి త్యాగరాయ శెట్టి పేరు మీద వెలసిన పేటలో, పానగల్ రాజా పేరున్న పార్కు పక్కన ఉంటూ అడగాల్సిన ప్రశ్న కాదది.

మీ ఐఎస్ఓ మీ చేతుల్లో పనిచేయడం ఇంకా పూర్తి పరీక్ష కాదు. దాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, పక్కన ఒక పేజీ సూచనలు రాసి, పక్క గదిలో ఉన్న వాళ్ళకు ఇవ్వండి. లైనక్స్ అంతగా తెలియనివాళ్ళైతే మరీ మంచిది. వాళ్ళు పెట్టెలు కలిపి, ఆన్ చేసి, ఒక పుస్తకం నడిపించే దాకా మీరు నోరు మెదపకూడదు. చేతులు వెనక్కి కట్టుకోండి. బయోస్‌లో పెన్‌డ్రైవ్‌ను ముందుకు తేవడం దగ్గర ఆగుతారు, ఏ కేబుల్ ఎక్కడో తెలియక ఆగుతారు, మీకు ఎంతో స్పష్టంగా అనిపించిన మూడో వాక్యం దగ్గర ఆగుతారు. ఆగిన చోటల్లా నోటుపుస్తకంలో ఒక గీత పెట్టుకోండి. వాళ్ళు వెళ్ళాక ఆ గీతల్లో ఏవి కాన్ఫిగ్ ఫోల్డరులో సరిచేయొచ్చో, ఏవి సూచనల పేజీలో రాయాలో విడదీసి, గిట్‌లో కమిట్ చేసి, రాత్రికి మళ్ళీ బిల్డ్ పెట్టండి.